ముండ్లకిరీటము దాల్చిన కుమ్మరి

క్రీస్తు శ్రమల కథను నాటకముగా ఆడుట క్రైస్తవ దేశములలో శతాబ్దులనుండి వచ్చుచున్న ఆచారము. మట్టలాదివారము మొదలు ఈస్టరు వరకు గల వారమున ఎన్నో ఊళ్లలో సామాన్య గృహస్థులే వేషములు ధరించి, సిలువ మోసి, వీథులవెంట నడచుదురు. మెక్సికో నగరములోని ఇస్తపలాపా పేటవారు 1833లో కలరా వాతబడి, శేషించినవారు కృతజ్ఞతగా 1843 నుండి శుభశుక్రవారమునాడు ఈ కథను ఆడుచు వచ్చిరి. అయితే ఈ జాతి నాటకములన్నిటిలోను లోకప్రసిద్ధి గాంచినది ఈస్టరునాడు గాక వేసవిలో, ఏటేట గాక పదేండ్లకొకసారి, దక్షిణ జర్మనీలోని బవేరియా కొండలనడుమ ఒబెరమ్మర్‌గౌ అను చిన్న యూర జరుగునది. ఇరువదవ శతాబ్ది తొలి మూడు దశాబ్దులలో ఆ నాటకము పేరు చెప్పినంతనే లోకులకు స్ఫురించిన ముఖము ఒక కుమ్మరిది. ఆయన పేరు ఆంటన్ లాంగ్.

లాంగ్ 1875వ సంవత్సరము జనవరి 17వ తేదీన ఆ యూరనే జన్మించెను. అచ్చట ఆ యింటిపేరు గలవారు కొల్లలు. నాటకమునకు సంబంధించిన ఏ పట్టిక చూచినను ముగ్గురు నలుగురు లాంగులు తగులుదురు; కొత్తవారు తికమకపడక తప్పదు. ఊరిలో పెక్కుమందికి జీవనాధారము కొయ్యచెక్కడము. సిలువలు, పునీతుల ప్రతిమలు, పిల్లల ఆటబొమ్మలు చెక్కి వారు దేశదేశములకు పంపుచుండిరి. లాంగ్ మాత్రము మట్టిని నమ్ముకొన్నవాడు. అది చలిదేశము. ఇంటింట గదిని వెచ్చగా నుంచుటకు నిగనిగలాడు మట్టిపలకలు పొదిగిన పెద్ద పొయ్యి యుండును. ఆ పలకలను మలచి, పూత పూసి, ఆవములో కాల్చి, పొయ్యి కట్టి యిచ్చుట ఆయన కులవిద్య వంటి వృత్తి. కూజాలు, గిన్నెలు, పూలపాత్రలు కూడ చేయుచుండెను.

ఇట్టి కుమ్మరి క్రీస్తు వేషము వేయుట యెట్లు సంభవించెనో తెలియవలెనన్న ఆ యూరి మ్రొక్కుబడిని గూర్చి కొంత చెప్పవలెను. ఐరోపాఖండమును 1618 మొదలు ముప్పదేండ్లు దహించిన యుద్ధము నడుమ, సేనల వెంబడి మహమ్మారి కూడ ఊరూర తిరిగెను. ఒబెరమ్మర్‌గౌ పెద్దలు పొలిమేరలలో కావలి పెట్టి, పరులను రానీయక కొన్నాళ్లు కాచుకొనిరి. పొరుగున ఎషెన్‌లోహ గ్రామమునకు కూలికి పోయిన కాస్పర్ షిస్లర్ అను ఊరివాడొకడు ఆలుబిడ్డలను చూడవలెనను ఆరాటముతో కావలివారి కన్నుగప్పి ఇల్లు చేరెనట. వానితోడనే వ్యాధియు చేరెను. ఎనుబదిమందికి పైగా మరణించిరి. 1633వ సంవత్సరమున మిగిలినవారు దేవాలయమున గుమిగూడి, ఈ ఉపద్రవము తొలగినచో పదేండ్లకొకసారి క్రీస్తు శ్రమల నాటకమాడుదుమని మ్రొక్కుకొనిరి. ఆనాటినుండి ఒక్క ప్రాణియు ఆ వ్యాధిచే చావలేదని ఊరి ఐతిహ్యము. మరుసటి యేడు పెంతెకొస్తు పండుగనాడు శ్మశానముననే, చచ్చినవారి సమాధులపై బల్లలు పరచి, తొలి నాటకమాడిరి.

1680 నుండి దశాబ్దారంభమున ఆడుట వాడుకయైనది. ఏలికలు ఒకటి రెండుమారులు నిషేధించినను ఊరివారు విన్నపములు చేసి, పట్టువిడువక నిలుపుకొనిరి. ఎటాల్ మఠమునకు చెందిన ఒథ్మార్ వైస్ అను సన్యాసి 1811లో నాటకమునకు కొత్త పాఠము వ్రాసెను. ఊరి బడిపంతులు రోఖస్ డెడ్లర్ సంగీతము కూర్చెను. వైస్ శిష్యుడును ఆ యూరి గురువును అయిన డైసెన్‌బెర్గర్ 1860లో ఆ పాఠమును సంస్కరించెను. ఆంటన్ లాంగ్ కంఠస్థము చేసినది డైసెన్‌బెర్గర్ పాఠమే. ఆ యూర పుట్టినవారు గాని, ఇరువదేండ్లు అచ్చట కాపురమున్నవారు గాని తప్ప అన్యులు రంగమెక్కరాదు. స్త్రీపాత్రలకు పెండ్లికాని కన్యలే అర్హులు. ఈ కట్టు 1990 వరకు సడలలేదు. కొప్పులు, కట్టుడు గడ్డములు నిషిద్ధము. నాటకపు సంవత్సరమునకు ముందటి యేటినుండియే మగవారందరు క్షౌరము మానుదురు. పోస్టు బంట్రోతు, పాలేరు, పూటకూళ్లయజమాని అందరును జడలు పెంచి పురాణపురుషులవలె తిరుగుచుండగా యాత్రికులకు వింతగా తోచును.

లాంగ్ బాల్యమున ఆ యూరి క్రీస్తు జోసెఫ్ మయర్. మయర్ కొయ్యచెక్కువాడు. ఆజానుబాహువు. 1870లో వేషము కట్టగా, నడుమ ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి ఆట నిలిచిపోయెను. మరల 1871లో సాగెను. ఆ యేడు బవేరియా రాజు రెండవ లుడ్విగ్ చూచి ముగ్ధుడై, సిలువ ఘట్టమును చూపు పెద్ద శిలావిగ్రహసమూహమును ఊరికి బహూకరించెను. మయర్ 1880లోను 1890లోను కూడ ఆ పాత్రనే ధరించెను. పదునైదేండ్ల ఆంటన్ లాంగ్ 1890లో చూచిన క్రీస్తు ఆయనయే. 1900 నాటికి మయర్ ఏబదియైదేండ్లు దాటినవాడు. కొత్తవానిని ఎన్నుకొనవలసివచ్చెను.

ఆ యూర పాత్రల ఎన్నిక పంచాయతీ ఎన్నికకన్న తీవ్రమైన విషయము. ఆ కాలమున ఊరి పెద్దలును గురువును గల సంఘము కూర్చుండి ఒక్కొక్క పాత్రకు ఓటు వేయుచుండెను. నటనాశక్తియొక్కటే చాలదు, నడవడియు చూతురు. పదేండ్లపాటు ఒక పాత్రకై ఆశపెట్టుకొన్న కుటుంబమునకు అది దక్కనిచో కలుగు దుఃఖము చిన్నది కాదు. ఆ సంఘము ఇరువదినాలుగేండ్ల కుమ్మరిని క్రీస్తుపాత్రకు ఎన్నుకొన్నది. మయర్‌కు గాయకబృందమునకు ముందు నిలిచి ప్రస్తావన చెప్పు పనిని అప్పగించిరి. మన నాటకములలో సూత్రధారుని వంటి పాత్ర యది. ముప్పదేండ్లు తాను ధరించిన పాత్రను మరియొకడు ధరించి వచ్చుటకు ముందు, ఆ వృద్ధుడు ప్రతిదినము రంగముపై నిలిచి ప్రేక్షకులకు స్వాగతము పలికెను. లాంగ్‌కు కూడ కాలాంతరమున ఇదే పని రాసిపెట్టియున్నది.

1900 నాటకమునకు ప్రేక్షకులు కూర్చుండుటకు నాలుగువేలమంది పట్టు కొత్త కప్పుశాల కట్టిరి. రంగస్థలమునకు మాత్రము ఆకాశమే కప్పు. వాన వచ్చిన పాత్రధారులు తడియుచునే ఆడవలసివచ్చెడిది. ఆనాడు ఉదయము ఎనిమిదింటికి ఆరంభమైన ఆట మధ్యాహ్నభోజనమునకు ఆగి, మరల సాయంకాలము వరకు సాగుచుండెను. యెరూషలేము ప్రవేశముతో మొదలై పునరుత్థానముతో ముగియును. నడుమనడుమ పాతనిబంధనలోని ఘట్టములను పాత్రధారులు చలనము లేక నిలిచి సజీవచిత్రములుగా చూపుదురు. యోసేపును సోదరులు అమ్ముట వంటి ఘట్టమును చూపి, వెంటనే యూదా తన గురువును అమ్ముటను ఆడుదురు. బృందము ఆ రెంటికి గల సంబంధమును పాడును.

కడరాత్రి భోజనఘట్టమున లాంగ్ మోకరించి పండ్రెండుగురు శిష్యుల పాదములను కడుగవలెను. ఆ పండ్రెండుగురును ఇరుగుపొరుగువారే. నిన్న బండి తోలినవారు, రేపు సంతలో బేరమాడువారు. ఆట చూచి వ్రాసినవారిలో పెక్కుమంది ఈ మౌనఘట్టమునే మిక్కిలి మెచ్చిరి. సిలువఘట్టము మరియొక రీతి పరీక్ష. వస్త్రము క్రింద కనబడని నడికట్టు ఒకటి సిలువ మ్రానుకు తగులుకొని దేహభారమును మోయును. మేకులు వ్రేళ్ల సందులనుండి పోవును. అయినను చేతులు చాచి సుమారు 20 నిమిషములు కదలక వ్రేలాడవలెను. చేతులలో రక్తప్రసారము మందగించును. దించిన తరువాత కూడ శవమువలె కన్నుతెరువక తల్లి ఒడిలో పరుండవలెను. మే నెల మొదలు సెప్టెంబరు వరకు 40కి పైబడిన పర్యాయములు, కొండగాలిలో, అర్ధనగ్నముగా ఆయన ఇట్లు సిలువపై నిలిచెను.

లాంగ్ నటనలో ఉద్రేకము తక్కువ. మయర్ గంభీరుడని, రాజసము గలవాడని ప్రసిద్ధి. లాంగ్ సాత్వికుడు. నీలికన్నులు, చామనగోధుమ జుట్టు, మెత్తని చూపు. ఆనాటి పాశ్చాత్యులు పటములలో చూచి చూచి మనసున నిలుపుకొన్న క్రీస్తు రూపమునకు ఆయన అచ్చముగా సరిపోయెను. గలిలయలో పుట్టిన యూదుడు బవేరియా కుమ్మరివలె ఉండెనా యను ప్రశ్న ఆనాడు ఎక్కువమందికి తోచలేదు. తోచినవారిలో ఒకరిని గూర్చి చెప్పవలసియున్నది.

1900వ సంవత్సరపు ప్రేక్షకులలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునుండి వచ్చిన యూదమత గురువు జోసెఫ్ క్రౌస్కోఫ్ ఉండెను. ఆయన దినమంతయు కూర్చుండి చూచెను. పల్లెవారి కళను, శ్రద్ధను కొనియాడుటకు వెనుదీయలేదు. కాని ఆ నాటకము తన జాతివారిని చూపిన తీరునకు ఆయన మనసు చివుక్కుమన్నది. దేవాలయమునుండి క్రీస్తు వెళ్లగొట్టిన వర్తకులు పగబట్టి యాజకులతో కుట్రపన్నుట, కొమ్ములవంటి తలపాగలు ధరించిన యాజకులు రక్తమునకై అరచుట, రోమను అధికారి పిలాతు మెత్తనివాడై విడిపింపజూచుట, జనసమూహమంతయు ఒక్క గొంతుతో ఆ రక్తదోషమును తమమీదికి, తమ సంతానముమీదికి కోరుకొనుట అందలి ప్రధానఘట్టములు. సిలువవేయుట రోమను శిక్షయనియు, చరిత్రలోని పిలాతు క్రూరుడనియు, యేసు, ఆయన తల్లి, ఆయన శిష్యులు అందరును యూదులేయనియు వాదించుచు క్రౌస్కోఫ్ స్వదేశము చేరి ఉపన్యాసములిచ్చి, 1901లో గ్రంథముగా ప్రకటించెను.

ఆ సంభాషణలను లాంగ్ వ్రాయలేదు. ఆయన పాత్రనోట శాపము లేదు, క్షమయే కలదు. కాని నాటకమునకు ఒక ధర్మము కలదు. నడుమ నిలిచిన నాయకుడు ఎంత సాత్వికుడుగా కనబడునో, చుట్టును నిలిచి అరచువారు అంత దుర్మార్గులుగా తోతురు. ఆంటన్ లాంగ్ వంటి సౌమ్యమూర్తి సిలువపై తలవాల్చినపుడు నాలుగువేలమంది కంట నీరు పెట్టిరి. ఆ కన్నీటితోపాటు, అతనిని చంపించినది ఆ జాతియేనను తలంపును కూడ వారిలో కొందరు ఇండ్లకు తీసికొనిపోయిరి. ఉత్తమకళ చేతనే ఇట్టి కీడు జరుగును. చవుకబారు నాటకమును ఎవరు నమ్ముదురు? క్రౌస్కోఫ్ ఎత్తిచూపిన దోషములను సవరించుటకు ఆ యూరివారికి ఒక శతాబ్ది పట్టినది. యూదజాతిపై మూకుమ్మడిగా నేరము మోపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించిన పిదప కూడ 1970 నాటకము పాతపాఠముతోనే జరిగి నిరసనల పాలైనది. 1990లో క్రిస్టియన్ స్టుకెల్ అను యువకుడు దర్శకుడై క్రమముగా మార్పులు తెచ్చెను. 2000 నాటికి ఆ రక్తశాపవాక్యము తొలగినది. 2010లో రంగముపై హీబ్రూ ప్రార్థన వినబడెను.

1900వ సంవత్సరపు ఆట ముగియుసరికి లాంగ్ లోకమున ప్రసిద్ధుడయ్యెను. ఆయన చాయాపటములు తపాలాకార్డులపై అచ్చై ఖండాంతరములకు పోయెను. కుండల దుకాణమునకు ఆయనను చూచుటకే వచ్చినవారు పెక్కుమంది. సంతకము కోరువారు, చేయి తాకనిండని వేడువారు, వేషధారికిని వేషమునకును భేదము మరచి కన్నీరు పెట్టువారు ఆయన నిత్యజీవితములో భాగమైరి. కాశీకి ఆవలియొడ్డున రామనగరమున రామలీల ఆడు బాలురకు జనులు హారతులెత్తుదురు. నెలదినములలో లీల ముగియును, బాలురు బడికి పోవుదురు. లాంగ్‌కు అట్టి ముగింపు లేదు. పదేండ్లకొకసారి వేయు వేషము పదేండ్లపాటును ఆయనను విడువలేదు. జుట్టు కత్తిరించుకొన్న, చూడవచ్చినవారు చిన్నబుచ్చుకొందురు. కోపగించుకొన్న, అది వార్తయగును. పెండ్లియాడి, బిడ్డలను కని, పన్ను కట్టి, ఆవమునకు కట్టెలు కొనుచు బ్రతుకువానికి ఇది యెంత బరువో ఊహింపవచ్చును.

1910లో రెండవమారు క్రీస్తుపాత్ర ఆయనకే వచ్చెను. అప్పటికి ముప్పదియైదేండ్లవాడు. ఆ వేసవిలో రెండు లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చిరి. వారిలో ఆంగ్లేయులు, అమెరికనులు మెండు. యాత్రికులు ఊరివారి యిండ్లలోనే బసచేయుదురు గనుక రాత్రి తమకు వడ్డించినవారినే పగలు రంగముపై చూతురు. లాంగ్ ఇంటను అతిథులుండిరి. నాలుగేండ్లు తిరుగకముందే, ఆ అతిథుల దేశములును జర్మనీయును ఒకదానితో నొకటి యుద్ధమునకు దిగినవి.

ఆ మహాయుద్ధమున ఒబెరమ్మర్‌గౌ యువకులనేకులు హతులైరి. లాంగ్ కూడ యుద్ధరంగమున మరణించెనని అమెరికా పత్రికలలో వదంతి పుట్టెను. క్రీస్తు వేషధారి తుపాకి పట్టి చచ్చెనను కథకు పత్రికలవారికి గల ఆకర్షణ తెలిసినదే. కాని ఆయన బ్రతికియే యుండెను. 1920లో నాటకమాడుటకు ఊరికి శక్తి లేకపోయెను. పాత్రధారులు సమాధులలో నుండిరి. తినుటకు తిండి లేదు. రెండేండ్లు వాయిదా వేసి 1922లో ఆడిరి. నలుబదియేడేండ్ల లాంగ్ మూడవమారు సిలువ మోసెను. ఓడిపోయిన దేశమున, మహమ్మారి కాలపు మ్రొక్కుబడి మరల అర్థవంతమైనది.

మూడు లక్షలకు పైగా జనము వచ్చిరి. అయినను ఊరికి మిగిలినది శూన్యము. జర్మనీ నాణెము విలువ ఆ వేసవిలోనే పడిపోవ నారంభించెను. ప్రేక్షకులు ముందుగా చెల్లించిన సొమ్ము ఆటనాటికి కాసుకు కొరగాకపోయెను. అమెరికా చలనచిత్ర వ్యాపారులు నాటకమును చిత్రముగా తీయుటకు పెద్దమొత్తము ఇవ్వజూపిరి. ఊరివారు ఆకలితో నుండియు నిరాకరించిరి. మ్రొక్కుబడిని అమ్ముకొనుట వారికి యూదా ముప్పది వెండినాణెములకు తన గురువును అమ్ముటవలె తోచియుండవచ్చును. 1923 నవంబరు నాటికి ఒక్క డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు. కొయ్యబొమ్మలు కొనువారు లేరు, పొయ్యిపలకలు కొనువారు లేరు.

అప్పుడు ఊరివారు కొందరు తాము చేసిన వస్తువులను మూటగట్టుకొని అమెరికా బయలుదేరిరి. లాంగ్ వారిలో ముఖ్యుడు. 1923 డిసెంబరులో న్యూయార్కు చేరిరి. ఆ యేడే స్థాపితమైన టైము వారపత్రిక డిసెంబరు 17వ తేదీ సంచికకు ముఖచిత్రముగా లాంగ్ రూపమును ప్రకటించెను. నగరము నగరమున ప్రదర్శనశాలలు తెరచి, జనులు చూచుచుండగా కొయ్య చెక్కి, బొమ్మలను, కుండలను అమ్మిరి. అధ్యక్షుడు కూలిడ్జి వారికి దర్శనమిచ్చెను. నాటకమును మాత్రము ఆడలేదు. అది ఒబెరమ్మర్‌గౌ మట్టిపై తప్ప ఆడరానిది. ఇందొక విచిత్రము కలదు. అమెరికనులు చూడవచ్చినది క్రీస్తును. లాంగ్ అమ్మవచ్చినది కుండలను. వేషము వేయనని ఎంత చెప్పినను ఆయన జుట్టును గడ్డమును చూచి జనము మూగిరి. ఆ ముఖమే లేనిచో కుండ అమ్ముడుపోదు. ఊరి ఆకలి తీర్చుటకు ఆయన తన ముఖమును దేశముల వెంబడి త్రిప్పవలసివచ్చెను. ఇందుకు ఆయనను తప్పుపట్టుట సులభము. ఆ చలికాలపు జర్మనీలో బిడ్డలకు పాలు కొనవలసినవారికి సులభము కాకపోవచ్చును.

1930 నాటికి లాంగ్‌కు ఏబదియైదేండ్లు. క్రీస్తుపాత్రకు అలోయిస్ లాంగ్ అను కొయ్యచెక్కువానిని ఎన్నుకొనిరి. ఆంటన్ లాంగ్‌కు ప్రస్తావన చెప్పు పని వచ్చెను. ఒకనాడు మయర్ నిలిచినచోట ఇప్పుడు ఆయన నిలిచెను. తన జ్ఞాపకములను గ్రంథస్థము చేసి ఆ యేడే ప్రకటించెను. శాలను విస్తరింపగా ఇప్పుడు ఐదువేలమందికి పైగా పట్టుచుండిరి.

ఆ జూలై మాసమున ప్రేక్షకులలో తెల్లని గడ్డము, పొడవైన అంగరకా గల భారతీయుడొకడు కూర్చుండెను. ఆయన రవీంద్రనాథ ఠాగూరు. జర్మనీ పర్యటనలో ఉండి, మ్యూనిక్ నగరమునుండి వచ్చి, దినమంతయు ఈ నాటకమును చూచెను. తిరిగిపోయి ఆంగ్లమున ‘ది చైల్డ్’ అను దీర్ఘకావ్యమును వ్రాసెను. ఒక్క రాత్రిలోనే వ్రాసెనని చెప్పుదురు. ఠాగూరు ఆంగ్లకవితలలో అధికభాగము వంగమునకు అనువాదములు. నేరుగా ఆంగ్లమున పుట్టిన పెద్దకావ్యము ఇది యొక్కటియే. 1931లో లండనులో అచ్చయ్యెను. ఆ పిదప ఆయనయే దీనిని ‘శిశుతీర్థ’ అను పేర వంగభాషలోనికి తెచ్చెను. అందు చీకటిలో దారిగానని యాత్రికసమూహమొకటి తమ నాయకుని నమ్మి నడచును, అలసి శంకించి అతనిని చంపును, పశ్చాత్తప్తమై ఆ చచ్చినవాని వెంబడియే మరల నడచును. చివరకు వారు చేరునది ఒక కుటీరద్వారము. లోపల తల్లి ఒడిలో శిశువు. గమనింపదగినదేమన, ఠాగూరు కావ్యమున హంతకులు ఒక జాతివారు కారు. నాయకుని చంపినవారును అతని శిష్యులును ఒక్కరే. అదే రంగమును చూచి, అదే బృందగానమును విని, కవి ఆ కథలోనుండి ద్వేషమును ఏరివేసి మిగిలినది తీసికొనెను. క్రౌస్కోఫ్ వాదించి చెప్పినదానిని ఆయన వాదములేక చేసెను.

అదే 1930 వేసవిలో అదే శాలలో మరియొక ప్రేక్షకుడు కూర్చుండిపోయెను. అతడు ఎడాల్ఫ్ హిట్లర్. అప్పటికి అధికారము చేజిక్కలేదు. మ్రొక్కుబడి నాటకమునకు మూడువందల యేండ్లు నిండిన సందర్భమున 1934లో ప్రత్యేకముగా ఆడిరి. ఆగస్టు 13వ తేదీన హిట్లర్ జర్మనీకి సర్వాధికారిగా మరల వచ్చెను. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మరణించి అప్పటికి పదునొకండు దినములు. ఊరివారు జేజేలు పలికిరి. ప్రధానపాత్రధారులలో కొందరు అతని పక్షమున చేరినవారు. క్రీస్తుపాత్రధారి అలోయిస్ లాంగ్ వారిలో నొకడు. తరువాత 1942లో, యూదులను లక్షలుగా చంపించుచున్న కాలమున, భోజనము వేళ తన వారితో ముచ్చటించుచు హిట్లర్ ఈ నాటకమును ప్రశంసించి, యూదుల దుష్టత్వమును ఇంత స్పష్టముగా చూపినది మరొకటి లేదను భావమును వెలిబుచ్చెను.

1934 నాటకమున ప్రస్తావన చెప్పినవాడు ఆంటన్ లాంగే. ఆ యేడు ఆయనకు ఏబదితొమ్మిదేండ్లు. జుట్టు నెరసినది. ముప్పదినాలుగేండ్ల క్రితము ఫిలడెల్ఫియా గురువు కూర్చుండి బాధపడిన శాల, నాలుగేండ్ల క్రితము విశ్వకవి కూర్చుండి కావ్యము గ్రోలిన శాల, ఇప్పుడు ఈ నియంత కూర్చుండి సంతసించిన శాల ఒక్కటియే. పాఠము కూడ ఇంచుమించు ఒక్కటియే.

లాంగ్ 1938వ సంవత్సరము మే 30వ తేదీన మ్యూనిక్‌లో మరణించెను. వయస్సు అరువదిమూడేండ్లు. ఆ యేటి నవంబరులో జర్మనీయందంతట యూదుల దేవాలయములను తగులబెట్టినపుడు ఒబెరమ్మర్‌గౌలో కాపురముండిన యూదవంశజుడైన ఒక సంగీతకర్త ఇంటిపై మూక పడి కొట్టి, అతనిని ఊరినుండి పంపివేసిరి. ఆ సంగీతకర్త క్రైస్తవమతము పుచ్చుకొన్నవాడే. 1940లో ఆడవలసిన నాటకము యుద్ధమువలన ఆగిపోయెను.

లాంగ్ కుండలు మాత్రము ఆయన తరువాత కూడ చాలకాలము చేతులు మారుచుండెను. యాత్రికులు మూటలలో జాగ్రత్తగా చుట్టి ఓడలకెక్కించుకొనిపోయిన నీలిపూత కూజాలు, చిన్న గిన్నెలు, పూలపాత్రలు నేటికిని అమెరికాలోను ఇంగ్లండులోను పాతవస్తువుల అంగళ్లలో దొరకుచుండును. వాటిపై సిలువ గాని, ముండ్లకిరీటము గాని కనబడదు. బోర్లించి చూచిన, అడుగున మట్టిలో అదిమిన పేరు కానవచ్చును.